దీర్ఘచతురస్రానికి చెవి ఎక్కడ?

జూన్ 16, సోమవారం

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. నోరు మూతపడింది.

మాటవరసకి అనడం లేదు. ఇన్నేళ్ళూ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పాను. మైకు పాడైనా చివరి బెంచీ దాకా వినపడే గొంతు నాది. నోరే నా పెట్టుబడి. సెంటర్ మూసేశారు. ఇక్కడ ఖాళీ ఉందన్నారు, చేరిపోయాను. వినపడని పిల్లల స్కూలు.

తొమ్మిదో క్లాసులోకి అడుగుపెట్టి అలవాటు కొద్దీ గుడ్ మార్నింగ్ అని అరిచాను. ఒక్కరూ తలెత్తలేదు. వెనక నుంచి ఒకావిడ వచ్చి లైటు స్విచ్ ఆపి, మళ్ళీ వేసింది. గది మొత్తం ఒక్కసారి ఇటు తిరిగింది. ఇక్కడ గొంతంటే అదన్నమాట, లైటు స్విచ్.

ఆవిడ సైన్ టీచర్, అంటే సైగల భాష టీచర్. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయిందట. అప్పటికే నేర్చుకున్న మాటలు మాత్రం నోట్లో ఉండిపోయాయి. పెదాలు చూసి మనం అన్నది పట్టేస్తుంది, ఎత్తుపల్లాలు లేని గొంతుతో జవాబు చెబుతుంది. క్లాసులో నేను మాట్లాడితే ఆవిడ దాన్ని చేతుల్లోకి మారుస్తుంది. పిల్లలు చేతులతో అడిగింది నాకు నోటితో చెబుతుంది. కాస్త నిదానంగా మాట్లాడండి సార్, అంది. ఆ మాట మా ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటోంది.

జూన్ 17, మంగళవారం

కొత్త స్కూలు ఎలా ఉందని అడిగింది మా ఆవిడ. ప్రశాంతంగా ఉంది అన్నాను. అయితే నన్నూ చేర్పించండి అంది.

జూన్ 26, గురువారం

ఇక్కడ ఎవరి పేరూ ఎవరూ పలకరు కదా. ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు. ప్రిన్సిపాల్ మేడమ్ అంటే కళ్ళద్దాలు పైకి తోసుకోవడం. సైన్ టీచర్ అంటే చుబుకం మీద పుట్టుమచ్చ ఉన్న చోట వేలు పెట్టడం. తొమ్మిదో క్లాసులో మొదటి వరసలో కూర్చునే పిల్ల ఉంది, ఏ లెక్కయినా ఎందుకు అని అడక్కుండా ఊరుకోదు. ఆ పిల్ల పేరు, జడని భుజం మీంచి వెనక్కి విసరడం. ఇక్కడ జడ అనే రాసుకుంటాను.

ఇవాళ నాకూ పేరు పెట్టారు. అది వాళ్ళు పెట్టాల్సిందేనట, మనంతట మనం పెట్టుకోకూడదట. గురువుగారు అన్న అర్థం వచ్చేదేదో పెడతారని లోపల చిన్న ఆశ. నోటి దగ్గర నాలుగు వేళ్ళూ బొటనవేలూ తెరిచి మూసి, తెరిచి మూసి చూపించారు.

బాతు ముక్కు.

జూలై 4, శుక్రవారం

జడ వాళ్ళ నాన్న వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, యూనిఫాంలోనే కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇంక చదువు ఆపించేద్దామనుకుంటున్నాను సార్, అన్నాడు. ఆయన చెల్లెలు ప్యాకింగ్ ఫ్యాక్టరీలో చేస్తుందట. మేనత్త పక్కనే పని, ఆవిడ కళ్ళ ముందు ఉంటుంది, నాకూ బెంగ ఉండదు అన్నాడు.

మీ అమ్మాయి చాలా బాగా చదువుతోంది అన్నాను. అది లోపలికి పోతోందో లేదో నాకెలా తెలుస్తుంది సార్, అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలీదు ఆయనకి. కూతురితో ఆయన మాట్లాడేది నాలుగు సైగలు. రా. తిను. వెళ్దాం. పడుకో. తల్లి ఉన్నప్పుడు ఆవిడ ఇంకొన్ని నేర్చుకుందట. ఆవిడ పోయాక ఇంట్లో మాటలు ఆ నాలుగింటికీ వచ్చి ఆగిపోయాయి.

జడ గుమ్మం దగ్గరే ఉంది. ఆయన లేచి, వెళ్దాం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల చేతులతో ఏదో పొడుగ్గా చెప్పింది. ఆయన నా మొహం చూశాడు. నేను సైన్ టీచర్ మొహం చూశాను. ఇవాళ లెక్కల పరీక్ష ఉంది, సాయంత్రం వస్తాను అంటోందట. చెవులున్న మగాళ్ళం ఇద్దరం తలలు దించుకున్నాం.

జూలై 8, మంగళవారం

ఇవాళ క్లాసులో బోల్తా పడ్డాను.

దీర్ఘచతురస్రం గీశాను. ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా గీత లాగాను. దీన్ని కర్ణం అంటారు అన్నాను. సైన్ టీచర్ చెయ్యెత్తి తన చెవి ముట్టుకుంది. పిల్లల మొహాలు వాడిపోయాయి. కొందరు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

ఇదేంటని అడిగాను. ఈ మాటకి గుర్తు లేదు సార్, అంది. పాత మాస్టారు డిక్షనరీలో చూసి కర్ణం అంటే చెవి కాబట్టి చెవి చూపించమన్నారట. ఎప్పట్నుంచో అలాగే నడుస్తోందట.

జడ లేచి నిలబడింది. చేతులు టకటకా కదిలాయి.  ఏమంటోంది అని నేను రెండోసారి అడిగాక సైన్ టీచర్ చెప్పింది. దీర్ఘచతురస్రానికి చెవి ఎక్కడుంది అంటోంది. ఉంటే దానికి వినపడుతుందా అంటోంది. మాకు లేనిదాన్ని తీసుకెళ్ళి గీతకి కూడా పెట్టారా, దానిమీద మమ్మల్ని లెక్కలు చెయ్యమంటారా అంటోంది.

 ఇన్నేళ్ళ సర్వీసులో కర్ణం పొడవు ఎంతో వందలసార్లు కట్టించాను. దాన్ని కర్ణం అని ఎందుకన్నారని ఎవరూ అడగలేదు. నాకూ ఎప్పుడూ తోచలేదు.

కనుక్కుని చెబుతాను అన్నాను. బాతు ముక్కు మూసుకుని స్టాఫ్ రూమ్‌కి పోయాను.

జూలై 9, బుధవారం

స్టాఫ్ రూమ్‌లో అందర్నీ అడిగాను. ఫిజిక్స్ మాస్టారు అది సంస్కృతం అన్నాడు. భాషా పండితుడు అది లెక్కలు అన్నాడు.

జూలై 13, ఆదివారం

పెద్దమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాను. పొద్దున వెళ్ళినవాణ్ణి భోజనాలయ్యాక కూడా లేవలేకపోయాను. రాయడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు.

పెద్దమ్మ నిఘంటువుల ఆఫీసులో పనిచేసి రిటైరయింది. ఒక్కో మాట వెనకాల పోలీసు కుక్కలా తిరిగిన మనిషి. ఇప్పటికీ పలకరించడానికి ఎవరొచ్చినా వాళ్ళ ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చకుండా కాఫీ ఇవ్వదు.

కర్ణం అంటే చెవేనా పెద్దమ్మా అన్నాను. చెవే, అంది.  అయితే చెవి అంటే ఏంట్రా అని ఎదురడిగింది. వినేది, అన్నాను. మరి బాణలి చెవులతో బాణలి ఏం వింటుంది అంది. తాళంచెవితో తాళం ఏం వింటుంది అంది.

 రోజూ జేబులో వేసుకు తిరిగే మాట! ఒక్కసారి కూడా దాన్లో చెవి నాకు కనపడలేదు.

పక్కకి పొడుచుకొచ్చింది ఏదైనా చెవేరా, అంది. పడవకి వెనక ఉండే చుక్కానిని కూడా కర్ణం అన్నారట. అందుకే పడవ నడిపేవాడు కర్ణధారుడు అయ్యాడట. వాడు పట్టుకుంది ఎవరి చెవీ కాదు కదా అని నవ్వింది. చతురస్రానికి మూలలు పొడుచుకొస్తాయి. ఈ చెవి నుంచి ఆ చెవికి పోయే గీత కాబట్టి కర్ణం అయ్యుండొచ్చు అని కొందరంటారట. అయ్యుండొచ్చు అన్న మాట నొక్కి పలికింది. ఇది అని గట్టిగా ఎవరూ చెప్పలేరట. ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నది ఆ అయ్యుండొచ్చు ఒక్కటేరా అంది.

అంతకంటే పాతకాలంలో, నేల మీద తాళ్ళు పట్టి కొలిచే రోజుల్లో, దాన్ని ఏటవాలుగా పోయే తాడు అన్న అర్థం వచ్చేలా పిలిచారట. అప్పటికి అది గీత కాదు, తాడు. ఈ మూల ఒకడు, ఆ మూల ఒకడు కూర్చుని, చెమటలు కారుతుంటే, తాడు బిగలాగి పట్టుకుని ఉన్నారు. నాకు వాళ్ళ వీపులు కనిపించాయి. పోయి ఎన్ని వేల ఏళ్ళయిందో, వాళ్ళు లాగిన తాడునే మొన్న మంగళవారం నేను సుద్దముక్కతో బోర్డు మీద లాగాను.

మరి ఇంగ్లీషులో డయాగొనల్ అన్నాను. అది గ్రీకుల దగ్గర్నుంచి వచ్చిందట. మూలల గుండా పోయేది అని. వాళ్ళ భాషలో మూల అన్న మాటకి, మోకాలు అన్న మాటకి దగ్గర చుట్టరికమట. మోకాలు మడిస్తే మూల వస్తుంది కదరా, అని తన కాలు మడిచి చూపించింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, అబ్బా అంటూనే చూపించింది. సముద్రం అవతల వాళ్ళు మోకాలు పట్టుకున్నారు, ఇటు వాళ్ళు చెవి పట్టుకున్నారు. అచ్చ తెలుగులో మూల నుంచి మూలకి పోయేదానికి ఐమూల అని చక్కటి మాట ఉంటే దాన్ని బట్టల కత్తిరింపుకి వదిలేశారు అని కాసేపు తిట్టింది. ఎవర్ని తిట్టిందో తెలీదు, నేనే పడ్డాను.

లేవబోతుంటే అంది, చెవి ఒక్కటే చూశావా, మిగతా మనిషిని చూడవా అని.

ఏ మనిషి అన్నాను.

త్రిభుజానికి భుజాలు లేవూ? పైన శీర్షం లేదూ? శీర్షం అంటే తల కాదూ? లంబం వచ్చి దిగే చోటుని పాదం అనవూ? ఘనానికి ముఖాలు లేవూ? ఇన్నేళ్ళూ ఇంతమందిని బోర్డు మీద గీశావు, ఒక్కణ్ణయినా పలకరించావట్రా? ఇన్నేళ్ళూ చెప్పావు, ఒక్కసారైనా విన్నావట్రా?

బస్సు ఎక్కకుండా నడిచొచ్చాను.  దార్లో ప్రతి ఇంటి కప్పు కిందా ఒక శీర్షం, రెండు భుజాలు. నిచ్చెన గోడకి ఆన్చి ఉంటే దాని పాదం చూశాను. లెక్కలంటే మనుషులు లేని చోటనుకుని, అందుకే నాకది నచ్చిందనుకుని బతికాను. తీరా చూస్తే అడుగడుగునా మనిషే. కొత్త వస్తువేదో చేతికొచ్చినప్పుడు మొదటి మనిషి తన ఒళ్ళు తను తడుముకున్నాడు, అక్కడ దొరికిన పేరే దానికి పెట్టాడు. ఇంకెక్కణ్ణుంచి తెస్తాడు?

మా ఆవిడకి చెబుతుంటే కళ్ళు పెద్దవి చేసుకుని వింది. తర్వాత, పాలు తెమ్మన్నాను కదా, ఏవి అంది.

జూలై 14, సోమవారం

చెప్పాను. అంతా చెప్పాను. బాణలి, తాళంచెవి, చుక్కాని, తాడు, మోకాలు. సైన్ టీచర్ నా నోటి మీంచి కళ్ళు తిప్పలేదు, ఆవిడ చేతులు ఆగలేదు. మొదటిసారి నేను కావాలని నిదానంగా మాట్లాడాను. భుజం అన్నప్పుడు ఆవిడ తన భుజం తట్టింది. శీర్షం అన్నప్పుడు తల. పాదం అన్నప్పుడు వంగి పాదం. కాసేపటికి క్లాసంతా లేచి నిలబడి తలలూ భుజాలూ పాదాలూ ముట్టుకుంటోంది. వీళ్ళు ఒంటితో మాట్లాడే మనుషులు. వీళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియాల్సింది నాకే.

జడ మాత్రం కూర్చునే ఉంది. చివర్లో చెయ్యెత్తింది. అంటే ఆ చెవి ఏమీ వినదు, ఊరికే పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది, అంతేనా అని అడిగింది. అంతే అన్నాను.

తన చెవి పట్టుకుంది. ఏదో అంది.  ఎప్పుడూ ఎత్తుపల్లాలు లేని సైన్ టీచర్ గొంతులో ఇవాళ ఒక పల్లం వచ్చింది.

అయితే అసలైన కర్ణం నాదే, అందట.

క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ పిల్ల కూడా. నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. బోర్డు మీద ఏమీ లేదు.

జూలై 15, మంగళవారం

కర్ణానికి కొత్త గుర్తు కావాలని పిల్లలే పట్టుబట్టారు. చెవి చూపిస్తే చెవే కనపడుతుంది, గీత కనపడదు అన్నారు. న్యాయమే.

పీరియడ్ అంతా కొట్టుకున్నారు. ఒకడు అరచేతి మీద వేలితో ఏటవాలుగా గీశాడు. వెనక బెంచీకి కనపడదని సైన్ టీచర్ కొట్టేసింది. మాట అన్నాక దూరానికి అందాలి అంది. ఇంకొకరు రెండు మోచేతులూ కలిపారు. అది ఇంకేదో బూతులా ఉందని నవ్వులు.

జడ ముందుకొచ్చి నిటారుగా నిలబడింది. రెండు భుజాలు చూపించింది. నడుముకి రెండు పక్కలా చూపించింది. నాలుగు మూలలు. తనే దీర్ఘచతురస్రం. కుడి చెయ్యి ఎడమ భుజం మీద పెట్టి, గుండె మీదుగా, కుడి నడుము దాకా ఒక్క లాగు లాగింది. భుజాన వేలాడే సంచి పట్టీలాగా.

 ఒకరి తర్వాత ఒకరు, అందరూ లాగారు. నేనూ లాగాను.

ఒక మాట పుట్టడం చూశాను ఇవాళ. తారీఖుతో సహా.

జూలై 22, మంగళవారం

అట్టముక్కలు, గుండుసూదులు. నాలుగు అట్టపట్టీలు మూలల్లో సూదులతో గుచ్చి దీర్ఘచతురస్రం చేయించాను. వేలితో తోస్తే పక్కకి వాలిపోతుంది. ఐదో పట్టీ కర్ణంగా గుచ్చమన్నాను. ఇప్పుడు తొయ్యండి అన్నాను.

కదల్లేదు. జడ రెండు చేతులతో బలమంతా పెట్టి తోసింది. అట్ట వంగింది కానీ ఆకారం చెక్కుచెదరలేదు. నా వైపు చూసింది. ఆ చూపు ఎలా రాయాలో తెలీడం లేదు. దొంగని పట్టుకున్నవాళ్ళలా ఉంది, దేవుణ్ణి చూసినవాళ్ళలానూ ఉంది.

నాలుగు పట్టీలూ తిన్నగా ఉండి కూడా ఎందుకు పడిపోయాయి, వంకరగా పోయేది ఒక్కటి వచ్చి వాటిని ఎందుకు నిలబెట్టింది అని అడిగింది. త్రిభుజం మారదు కాబట్టి, అన్నాను. భుజాలు మూడూ ఖాయమైతే దాని ఆకారమూ ఖాయం. కర్ణం ఆ దీర్ఘచతురస్రాన్ని రెండు త్రిభుజాలు చేసింది.

బెల్లు లైటు వెలిగినా ఎవరూ లేవలేదు.

జూలై 25, శుక్రవారం

ఇప్పుడు వీళ్ళకి కర్ణాల పిచ్చి పట్టింది. గేటుకి ఉంది. మడత కుర్చీ కాళ్ళకి ఉంది. ఎదురు వీధిలో క్రేన్ నిండా అవే. రైలు వంతెనకి ఎన్నున్నాయో లెక్కపెట్టలేక వదిలేశామన్నారు. కనపడిన ప్రతిచోటా ఆగి భుజం నుంచి నడుము దాకా లాగుతున్నారు. జడ అయితే స్కూలు పేరు రాసిన బోర్డు వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. రోజూ దాని ముందు నుంచి పోతాను, వెనక ఏం మోస్తోందో చూడలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

వాళ్ళ నాన్న మళ్ళీ వచ్చాడు. వార్షికోత్సవం అయ్యాక ఇంక పంపనన్నాడు. ఫ్యాక్టరీలో మాట్లాడేశాడట. నేను కర్ణం గురించి, అట్టముక్కల గురించి, ఆ పిల్ల అడిగిన ప్రశ్నల గురించి చెప్పుకొచ్చాను. శ్రద్ధగా విన్నాడు. మీరు చెబుతుంటే బాగుంది సార్, మా పిల్ల నాకు చెప్పలేదు కదా, అన్నాడు.

ఆగస్టు 9, శనివారం, ఉదయం 7

ఇవాళ వార్షికోత్సవం. ఇస్త్రీ చొక్కా. ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడతాడట. ఎవరికోసమో.

ఆగస్టు 10, ఆదివారం

నిన్న రాయలేదు.  జరిగింది జరిగినట్టు రాస్తాను.

మైదానానికి ఒక పక్క స్టేజి. దానికి ఎదురుగా, అవతలి చివర, అద్దెకి తెచ్చిన మెట్ల గ్యాలరీ. ఇనప పైపులు బిగించి చెక్కలు పరిచారు. చిన్నా పెద్దా పిల్లలంతా దాని మీద. మధ్యలో కుర్చీల్లో తల్లిదండ్రులు, స్టేజి వైపు తిరిగి. జడ, నేను స్టేజి పక్కన బహుమతుల టేబుల్ దగ్గర ఉన్నాం. ముఖ్య అతిథి మైకు అందుకున్నాడు. ఉపన్యాసం కాగితం ముందే తీసుకుని సైన్ టీచర్ పక్కన నిలబడి చేతులతో చెబుతోంది. ఆయన కాగితంలో లేనివీ మాట్లాడేస్తున్నాడు. పిల్లల గొంతు మనం వినాలి, వినాలి అంటున్నాడు.

తర్వాత తెలిసింది, జనరేటర్ బండి గ్యాలరీ కిందనుంచి అవతలికి పోవడానికి అడ్డొస్తున్నాయని ఏటవాలు పైపులు విప్పి పక్కన పడేశారట. బండి పోయాక మళ్ళీ బిగించడం మర్చిపోయారు.

జడ నా చొక్కా చెయ్యి లాగింది. ఎడమ భుజం నుంచి కుడి నడుముకి లాగి, లేదు అంది. కర్ణం లేదు. ఇప్పుడు లెక్కలేంటే తల్లీ అనుకున్నాను. మళ్ళీ అంది, గ్యాలరీ వైపు చూపించింది. చూశాను. గ్యాలరీ వెనక స్కూలు గోడ అంచు నిలువుగా ఉంది. దాని ముందు గ్యాలరీ పైపులు నిలువుగా లేవు. వాలి ఉన్నాయి. చూస్తుండగానే ఇంకాస్త వాలాయి.

దిగండి అని అరిచాను. నా గొంతు మొత్తం పెట్టి. పద్దాకా గొప్పలు చెప్పుకునే గొంతు. తల్లిదండ్రులు ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. గ్యాలరీ మీద పిల్లలు స్టేజి వైపు చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు.

ఏదో దొర్లిపడింది. జడ టేబుల్ ఎక్కేసింది, కప్పులూ మెడల్సూ కింద. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. కళ్ళన్నీ తన మీదికి వచ్చేదాకా ఊపింది. అప్పుడు లాగింది, ఎడమ భుజం మీంచి కుడి నడుముకి, ఎంత పెద్దగా వీలైతే అంత పెద్దగా. కర్ణం. లేదు. దిగండి. మెల్లగా. కింద వరస ముందు. గెంతొద్దు.

సైన్ టీచర్ కాగితం వదిలేసి అదే మాట అందుకుంది.

మా తొమ్మిదో క్లాసు ముందు లేచింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ మాట వాళ్ళు కన్నదే. వాళ్ళు వెనక్కి తిరిగి పైవరసకి లాగి చూపించారు, ఆ వరస ఇంకా పైవరసకి. అర్థం తెలీని చిన్నపిల్లలు కూడా చూసి లాగారు. గ్యాలరీ నిండా చేతులే. భుజం నుంచి నడుముకి. భుజం నుంచి నడుముకి. గాలికి వరిచేను వంగినట్టు. ఒక్క చప్పుడు లేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని చంకనెత్తుకుని దిగుతున్నారు. ఎవరూ తోసుకోలేదు. అంత క్రమంగా, అంత నిశ్శబ్దంగా మనుషులు ప్రాణాలు కాపాడుకోవడం నేను ఎక్కడా చూడలేదు. మైకులో అతిథి ఇంకా, వినాలి, అంటున్నాడు.

ఖాళీ అయ్యాక కూడా గ్యాలరీ కాసేపు నిలబడే ఉంది. కుర్చీల్లో ఎవరో నవ్వారు కూడా.

అప్పుడు దీర్ఘచతురస్రాలన్నీ కలిసి పక్కకి వాలాయి. సమాంతర చతుర్భుజాలయ్యాయి. ఇంకా పల్చబడ్డాయి. చివరికి గీతలైపోయాయి.

ఆ మోతకి చెవులున్నవాళ్ళం అందరం కేకలు పెట్టాం. పిల్లలకి అది అరికాళ్ళలోంచి వచ్చింది. వెనక్కి తిరిగి చూశారు. లేచిన దుమ్ములో తాము కూర్చున్న చోటు లేదు.

ఒక్కరికీ గీరుకుపోలేదు.

జడ ఇంకా టేబుల్ మీదే ఉంది. కుడి చెయ్యి నడుము దగ్గరే ఉండిపోయింది. కుర్చీలు తోసుకుంటూ వాళ్ళ నాన్న పరిగెత్తుకొచ్చాడు. ఎదురుగా వచ్చి ఆగిపోయాడు. చేతులు పైకి లేచాయి. వాటికి ఏం చెయ్యాలో తెలీదు. రా, తిను, వెళ్దాం, పడుకో. వాటిలో ఏదీ ఇప్పటికి పనికొచ్చేది కాదు.  ఎడమ చెయ్యి తీసి తన కుడి భుజం మీద పెట్టుకుని, గుండె మీదుగా నడుము దాకా లాగాడు.

జడ టేబుల్ దిగింది. ఆయన ఎడమ చెయ్యి కిందికి దించింది. కుడి చెయ్యి పట్టుకుని ఎడమ భుజం మీద పెట్టింది. అక్కణ్ణుంచి కిందికి, తనే మెల్లగా లాగించింది. ఇలా అని.

ఆగస్టు 12, మంగళవారం

ఫ్యాక్టరీ మాట రాలేదు. డ్రైవరు గారు షిఫ్టు మార్పించుకున్నాడట, పెద్దవాళ్ళకి సైగలు ఏ టైములో నేర్పుతారు అని సైన్ టీచర్‌ని అడిగాడు. మొదట ఏం నేర్చుకుంటారు అంటే, ఎందుకు అన్న మాట అన్నాడట. పిల్ల రోజూ నన్ను అదే అడుగుతుందని ఇప్పుడు తెలిసిందండీ అన్నాడట.

పెద్దమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను.   ఏ చెయ్యి అని అడిగింది. కుడి చెయ్యి. ఏ భుజం? ఎడమ. మొదట ఎవరు, ఏ రోజు? చెప్పాను.  ఎవరు మొదలుపెట్టారో, ఏ రోజో తెలిసిన మాట నా మొత్తం సర్వీసులో ఒక్కటీ చేతికి చిక్కలేదురా, అంది. దీనికి అయ్యుండొచ్చు అక్కర్లేదురా, అంది.

సెప్టెంబర్ 2, మంగళవారం

వరండాలో నర్సరీ పిల్ల ఒకతి నా ప్యాంటు పట్టుకుని లాగింది. ఇంకా వృత్తానికీ చతురస్రానికీ తేడా తెలీని వయసు. కింద ఇప్పుడే తుడిచిన నీళ్ళు. నా మొహంలోకి చూస్తూ, బుల్లి చెయ్యి ఎడమ భుజం మీద పెట్టి నడుము దాకా లాగింది.

జాగ్రత్త, అంది.

ఆగిపోయాను. నీళ్ళు ఆరేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.